మ్యూజియం సాయంత్రానికి వెళ్లే ముందు

నెల్లూరు

చిరంజీవులైన పిల్లలకు, తాతయ్య ఆశీస్సులు.

శనివారం మీ అమ్మానాన్నల సభ్యత్వ కార్డు మీద మ్యూజియంకి వెళ్తున్నారని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ సాయంత్రం సభ్యులే ఉంటారు కాబట్టి తోపులాట ఉండదు, ఒక వస్తువు ముందు ఎంతసేపు నిలబడ్డా ఎవరూ జరగమనరు. అందుకని అన్ని గదులూ చుట్టేయాలని చూడొద్దు. మూడంటే మూడు వస్తువులు ఎంచుకోండి, ఒక్కోదానికి పావుగంట. తిండీ నీళ్లూ లోపలికి రానివ్వరు, ఇంట్లోనే తినేసి బయల్దేరండి. పెన్ను కూడా వద్దు, పెన్సిలు తీసుకుపోండి. సిరా చుక్క పాత గుడ్డ మీద పడితే పోదు.

రాతి శిల్పం దగ్గర ఎదురుగా నిలబడి వచ్చేయకండి. పక్కకు జరిగి చూడండి. ఏటవాలుగా పడే వెలుగులోనే చెక్కడం లోతు తెలుస్తుంది. శాసనాల అక్షరాలూ అంతే. బాగా అరిగిపోయిన శాసనం చదవాలంటే తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి గుంటల్లోకి దింపి, పైన సిరా అద్దుతారు. ఆ కాగితం మీద చుట్టూ నల్లగా, అక్షరాలు తెల్లగా వస్తాయి.

బట్టలు, కాగితాలు ఉన్న గది మసకగా ఉంటుంది. అక్కడ వెలుగు మామూలుగా 50 లక్సులు (లక్సు అంటే వెలుగును కొలిచే ప్రమాణం) దాటనివ్వరు, వెలిసిన రంగు తిరిగి రాదు గనక. ఏమీ కనబడలేదని వెంటనే బయటికొచ్చేస్తారు చాలామంది. అయిదు నిమిషాలు ఆగండి, కళ్లు అలవాటు పడతాయి.

కంచు విగ్రహాన్ని ముట్టుకోవద్దనేది ఊరికే కాదు. మన మైపాడు సముద్రతీరపు ఉప్పుగాలికి ఇనుప గొళ్లెం ఏమవుతుందో మీకు తెలుసు. చెమటలోనూ ఉప్పుంది. ఉప్పూ తేమా కలిస్తే కంచు మీద లేత ఆకుపచ్చ పొడి పుట్టి లోహాన్ని తినేస్తుంది. నున్నగా, గట్టిగా ఉండే ముదురు పచ్చ పొర వేరు, అది విగ్రహాన్ని కాపాడుతుంది. రెండింటికీ తేడా చూసి రండి.

అన్నిటికన్నా ముఖ్యం, వస్తువు పక్కనుండే చీటీ. దాని మీద చిన్న అక్షరాల్లో నమోదు నంబరు ఉంటుంది, ఎక్కడ దొరికిందో ఉంటుంది. ఆ వివరం ఎందుకంత ముఖ్యమో రెండు కథలు చెబుతాను. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి పాత గుడి శిథిలాల్లో కుండ తగిలింది. అందులో రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్‌ల కాలపు బంగారు నాణేలు! చాలావరకు బంగారం ధరకు అమ్ముడుపోయి కరిగిపోయాయి. మన ప్రకాశం జిల్లా చందవరం స్తూపానికి చెందిన సున్నపురాయి పలక కథ ఇంకోటి. అది దొంగల చేతుల్లో దేశం దాటింది. ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాన్ని 2005లో కొన్నది. అది ఇక్కడిదేనని చూపే ఆధారాలు ఉండబట్టే 2016లో తిరిగి మనకు అప్పగించారు. రాసిపెట్టిన కాగితానికి ఉన్న బలం అది.

ఆ సాయంత్రం మ్యూజియం వస్తువుల బాగోగులు చూసే క్యూరేటరు గారు మీ మధ్యే తిరుగుతుంటారు, నిదానంగా మాట్లాడే తీరిక కూడా ఉంటుంది. “ఇది ఎంత పాతదండీ?” అని అడిగితే ఒక అంకె చెప్పి ఊరుకుంటారు. “ఇది ఎక్కడ దొరికిందండీ, దీంతోపాటు ఇంకేం దొరికాయి?” అని అడగండి. చీటీలో లేనిదంతా అప్పుడు బయటికొస్తుంది.

మీరు ఎంచుకున్న మూడింటి నంబర్లూ, పెన్సిలు బొమ్మలూ నాకు పంపండి.

మీ తాతయ్య