లాక్రోస్‌లో 30 సెకన్ల తప్పు వెనక కథ

లాక్రోస్ అంటే చివర వల కట్టిన కర్రతో బంతిని పట్టి, విసిరి గోల్ కొట్టే ఆట. ఆ మ్యాచ్ మొదటిసారి చూసేవాళ్లకు ఒక సంగతి వింతగా ఉంటుంది. రిఫరీ పసుపు జెండా విసురుతాడు, ‘ఫ్లాగ్ డౌన్’ అని గట్టిగా అరుస్తాడు, కానీ విజిల్ ఊదడు. ఆట సాగుతూనే ఉంటుంది. తప్పు చేసింది డిఫెన్స్ వాళ్లు, బంతేమో అటాక్ వాళ్ల దగ్గర ఉంది. అప్పుడే ఆట ఆపితే తప్పు చేసినవాళ్లకే లాభం. అందుకే విజిల్ ఊదకుండా కాసేపు చూస్తాడు. ఈలోగా గోల్ పడితే టెక్నికల్ ఫౌల్ (తోయడం లాంటి చిన్న తప్పు) మాఫీ. పడకపోతే ఆ ఆటగాడు 30 సెకన్లు బయట కూర్చోవాలి, అతని జట్టు ఒక మనిషి తక్కువగా ఆడాలి.

అదే తప్పు బంతి ఎవరిదీ కాకుండా నేల మీద దొర్లుతున్నప్పుడు జరిగితే ఎవరూ బయటికి వెళ్లక్కర్లేదు, బంతి అవతలి జట్టుకు ఇస్తే సరిపోతుంది. అంటే వెనక నుంచి తోసిన ఒకే తోపుకు రెండు రకాల తీర్పులు. ఆ క్షణంలో బంతి ఎవరి అదుపులో ఉందో రిఫరీ రెప్పపాటులో తేల్చాలి. కర్రతో బాదడం, కాలు అడ్డం పెట్టడం లాంటివి పర్సనల్ ఫౌల్స్, వాటికి 1 నుంచి 3 నిమిషాల శిక్ష పడుతుంది. అవి అందరికీ కనిపిస్తాయి. గొడవలెక్కువ టెక్నికల్ ఫౌల్స్ దగ్గరే, అందులోనూ స్టాలింగ్ దగ్గర. గోల్ కోసం ప్రయత్నించకుండా, గెలుస్తున్న జట్టు బంతిని తమలో తామే తిప్పుకుంటూ టైమ్ గడిపేయడమే స్టాలింగ్.

ఉత్తర అమెరికా మూలవాసులకు, ముఖ్యంగా హోడెనోషోనీ ప్రజలకు, ఇది సృష్టికర్త ఇచ్చిన ఆట. మాంట్రియల్ డెంటిస్ట్ విలియం జార్జ్ బీర్స్ 1867లో దీనికి నిబంధనలు ఖాయం చేశాడు. జట్టుకు 12 మంది, 5 గోల్స్‌లో ముందుగా 3 కొట్టినవాళ్లది గెలుపు. నా దృష్టిలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. గోల్ కొడితేనే గెలుపు అన్నప్పుడు బంతి దాచుకుని ఏం లాభం? తర్వాత మ్యాచ్‌కు 60 నిమిషాల లెక్క వచ్చింది. దాంతో ఆధిక్యంలో ఉన్నవాళ్లకు టైమే ఆయుధమైంది.

కబడ్డీ చూసేవాళ్లకు ఈ బాధ తెలుసు. రైడర్ గీత దగ్గరే తచ్చాడి వెనక్కి వచ్చేస్తుంటే ఒళ్లు మండుతుంది. ప్రో కబడ్డీలో దానికి విరుగుడుగా ‘డూ ఆర్ డై’ రైడ్ పెట్టారు, అంటే వరుసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోదాంట్లో పాయింట్ తేవాలి, లేదా రైడర్ అవుట్. అమెరికా కాలేజీ లాక్రోస్ మాత్రం చాలా కాలం ఆ బరువును రిఫరీ మీదే వేసింది. ‘వీళ్లు నిజంగా దాడి చేస్తున్నారా, నటిస్తున్నారా?’ అని ఆయనే తేల్చాలి. మనసులో మాట చదవమన్నట్టే కదా! 2013 సీజన్‌లో వార్నింగ్ ఇచ్చాక 30 సెకన్లలో షాట్ కొట్టాలన్నారు. ఆ వార్నింగ్ ఎప్పుడివ్వాలన్నది మళ్లీ ఆయన ఇష్టమే. చివరికి 2019 సీజన్ నుంచి 80 సెకన్ల షాట్ క్లాక్ వచ్చింది, అంటే బంతి చేతికొచ్చాక ఆ గడువులోపు షాట్ కొట్టాల్సిందే. రిఫరీ నెత్తి మీద నుంచి పెద్ద బరువు దిగింది.

అదే ఏడాది ఇంకో బరువు ఎక్కింది. గోల్ చుట్టూ 9 అడుగుల వ్యాసార్ధంతో ఉండే గీత పేరు క్రీజ్. అటాకర్ అందులో అడుగు పెడితే టెక్నికల్ ఫౌల్, బంతి పోతుంది. 1988 కాలేజీ సెమీఫైనల్‌లో సిరక్యూస్ యూనివర్సిటీ ఆటగాడు గ్యారీ గెయిట్ గోల్ వెనక నుంచి గాల్లోకి లేచి, గోల్ పై అడ్డకడ్డీ (క్రాస్‌బార్) మీదుగా కర్ర చాపి బంతిని లోపలికి దింపాడు. చూసినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. ఆ తర్వాత అలాంటి గోల్స్‌ను నిషేధించారు. కొన్నేళ్లకు గోల్‌కీపర్ల భద్రత కోసం క్రీజ్‌లోకి దూకే డైవ్ షాట్ కూడా పోయింది. 2019లో డైవ్ తిరిగొచ్చింది, షరతులతో. ఆటగాడు క్రీజ్‌ను తాకేలోపే బంతి గోల్‌లో పడాలి, అతను గోల్ ముఖం వైపు దూకకూడదు. ఇప్పుడు రిఫరీ ఒకే క్షణంలో బంతిని, పాదాలను, దూకిన దిక్కును చూడాలి. రెండు కళ్లతో మూడు చోట్ల చూపు నిలపడం ఎంత కష్టమో ఆలోచించండి.

అమెరికాలోని మేరీల్యాండ్, వర్జీనియా లాంటి చోట్ల లాక్రోస్ అంటే స్కూల్ ఆట, అక్కడి మన పిల్లలకూ అందుబాటులో ఉన్నదే. ఇప్పటికీ చాలా హైస్కూల్ మైదానాల్లో షాట్ క్లాక్ లేదు. ఆఖరి 2 నిమిషాల్లో గెలుస్తున్న జట్టు బంతిని గోల్ చుట్టూ ఉన్న పెట్టెలాంటి హద్దులోనే ఉంచాలి. ‘కీప్ ఇట్ ఇన్!’ అని రిఫరీ అరుస్తాడు. అక్కడి నుంచి ఆయన చూపంతా ఆ గీత మీదే.