కొక్కెం వంపులో చేప ప్రాణం

అమెరికా తూర్పు తీరంలో సరదాగా గాలం వేసేవారు ఎంతో మక్కువపడే చేప స్ట్రైప్డ్ బాస్. వెండిరంగు ఒంటి మీద తల నుంచి తోక దాకా నల్లని చారలుంటాయి. గాలానికి పడిన ప్రతి పదింటిలో సుమారు తొమ్మిదింటిని మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారు. తోక ఆడిస్తూ లోతుకు వెళ్లిన చేప బతికినట్టేనని అందరూ అనుకుంటారు. కానీ వాటిలో 9 శాతం ఆ తర్వాత చనిపోతాయని అట్లాంటిక్ రాష్ట్రాల సముద్ర మత్స్య కమిషన్ లెక్కగడుతుంది. చిన్న అంకెలా కనిపించినా, 2017లో వేట వల్ల పోయిన స్ట్రైప్డ్ బాస్‌లలో దాదాపు సగం ఇలా వదిలాక చనిపోయినవేనని అంచనా.

కొక్కెం ఎక్కడ దిగిందన్న దాని మీదే చేప బతుకు చాలావరకు ఆధారపడుతుంది. 'జె' అక్షరం ఆకారంలో ఉండే మామూలు కొక్కెం మొన నేరుగా పైకి చూస్తుంది; చేప ఎరను మింగాక లాగితే అది గొంతులోనో, మొప్పల్లోనో, కడుపులోనో గుచ్చుకుంటుంది. సర్కిల్ హుక్ అనే గుండ్రటి కొక్కెం మొన లోపలికి వంగి కాడవైపు తిరిగి ఉంటుంది కనుక, చేప పక్కకు మళ్లి దారం బిగుసుకున్నప్పుడు అది గొంతును గీరకుండా జారుతూ వచ్చి, నోటి మూలన దవడను పట్టుకుంటుంది. పసిఫిక్ దీవులవాసులు ఎముకతో, ముత్యపుచిప్పతో ఈ ఆకారపు కొక్కేలను ఏనాడో చెక్కుకున్నారు. 1980లలో పసిఫిక్ హాలిబట్ అనే చేపను పట్టే వేటగాళ్లు వీటికి మారినప్పుడు చేపలు ఇంకా ఎక్కువగా పడ్డాయి. చేప మేలు చూస్తే వేట తగ్గుతుందన్న భయానికి ఇంతకన్నా మంచి జవాబు నాకు కనిపించదు.

సహజమైన ఎరతో స్ట్రైప్డ్ బాస్‌ను పట్టేవారు సర్కిల్ హుక్‌నే వాడాలన్న నియమం 2021లో అమల్లోకి వచ్చింది. అయితే దీనికి చేతి అలవాటు కూడా మారాలి. బెండు మునగగానే కర్రను చటుక్కున ఎత్తడం చెరువు గట్టు మీద నేర్చినవారికి సహజం. ఈ కొక్కెంతో అలా చేస్తే అది నోట్లోంచి ఊడివస్తుంది. దారం బరువెక్కేదాకా ఆగి, రీలును నిదానంగా తిప్పడమే సరైన పద్ధతి. కొనేముందు కొక్కేన్ని బల్ల మీద పడుకోబెట్టి చూడాలి: మొన పక్కకు వంగి పైకి లేస్తే, అది గొంతులో తగులుకునే ప్రమాదముంది.

దారం మరీ సన్నదైతే చేప చాలాసేపు పెనుగులాడి అలసిపోతుంది. ఆక్సిజన్ తగ్గే వేసవి నీళ్లలో అది తేరుకోవడం ఇంకా కష్టం. పడిన చేపను పైకి తీసేటప్పుడు ముడుల నైలాన్ వల దాని ఒంటి జిగురు పొరను గీకేస్తుంది కాబట్టి రబ్బరు వల నయం. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొక్కెం లోతుగా దిగితే, దాన్ని పెరికి తీయకుండా నోటి దగ్గర దారం కోసి వదిలేయాలి.