తెల్లవాళ్ళ మీద టెస్ట్ చేసిన మందులు మనకు పడవా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో గుండె డాక్టరుగా పనిచేస్తున్నాను. క్లినిక్‌కి వచ్చే తెలుగువాళ్ళ నోట తరచూ వినే మాట ఇది: "ఈ గైడ్‌లైన్స్ అన్నీ తెల్లవాళ్ళ మీద రీసెర్చ్ చేసి రాసినవట కదండీ, మన ఒంటికి పడవట." ఎవరు చెప్పారంటే వాట్సాప్‌లో వచ్చిందంటారు. ఆ ఒక్క మెసేజ్ నమ్మి కొలెస్ట్రాల్ మాత్రలు ఆపేస్తున్నారు. నా కోపం దాని మీదే.

అపోహ: స్టాటిన్లు (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్రలు) మనవాళ్ళకు పనిచేయవు.

వాస్తవం: ఒకప్పటి ట్రయల్స్ గురించి వాళ్ళనేది నిజమే. 1994లో వచ్చిన 4ఎస్ ట్రయల్ స్కాండినేవియా దేశాల్లో జరిగింది. మరుసటి ఏడు వచ్చిన వోస్కాప్స్ స్కాట్లాండ్‌లో, అదీ మగవాళ్ళ మీదే. కానీ కథ అక్కడ ఆగిపోలేదు. అమెరికా, కెనడాల్లో ఉంటున్న 740 మంది దక్షిణాసియా వాళ్ళకు రోసువాస్టాటిన్ గానీ అటోర్వాస్టాటిన్ గానీ (రెండూ స్టాటిన్లే) ఇచ్చి చూస్తే, ఆరు వారాల్లో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 40 నుంచి 50 శాతం దాకా తగ్గింది. 2016 నాటి హోప్-3 ట్రయల్‌లో ఇండియా కూడా ఉంది. అందులో చేరిన 12,705 మందిలో దాదాపు సగం ఆసియా వాళ్ళే. రోజుకు 10 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్‌తో గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు పావు వంతు మేర తగ్గాయి.

తేడా డోసులో ఉంది. ఒకే డోసు వేసుకున్నా తెల్లవాళ్ళతో పోలిస్తే ఆసియా వాళ్ళ రక్తంలో రోసువాస్టాటిన్ సుమారు రెండింతలు కనిపిస్తుంది. అందుకే అమెరికాలో ఆ మందు లేబుల్ మీద ఆసియా వాళ్ళకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమని ఉంటుంది. తక్కువతో మొదలుపెట్టాలి, అంతేగానీ మానేయకూడదు.

నలభై దాటిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు గుర్తొస్తున్నాడు. వాళ్ళ నాన్నగారికి చిన్న వయసులోనే గుండెపోటు వచ్చింది. ఇతను మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నాడనుకున్నాం. భార్య హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సీసా తీసి నా టేబుల్ మీద పెట్టింది, నిండుగానే ఉంది. "కండరాలు కరిగిపోతాయన్నారండీ, పిల్లలు చిన్నవాళ్ళు" అన్నాడు తల దించుకుని. అది మొండితనం కాదు, భయం. అలాంటివాళ్ళను కసరడం నాకు చేతకాదు. 5తో మొదలుపెట్టి, ఆరు వారాలకు మళ్ళీ రక్తపరీక్ష చేయించాం. ఎల్‌డీఎల్ దిగింది, కాళ్ళనొప్పుల్లేవు.

అపోహ: రిస్క్ కాలిక్యులేటర్‌లో (గుండెజబ్బు వచ్చే అవకాశాన్ని లెక్కగట్టేది) తక్కువ వచ్చింది, టెన్షన్ లేదు.

వాస్తవం: 2013 నాటి కాలిక్యులేటర్‌ను అమెరికాలోని తెల్ల, నల్ల జాతీయుల డేటాతో తయారుచేశారు. అందులో మన లెక్క లేదు. అందుకే 2018 నాటి అమెరికా కొలెస్ట్రాల్ గైడ్‌లైన్ దక్షిణాసియా మూలాన్ని రిస్క్ పెంచే అంశంగా విడిగా చేర్చింది. ఇంట్లో గుండెజబ్బు ఉంటే కాల్షియం స్కాన్ (గుండె రక్తనాళాల్లో పేరుకున్న కాల్షియాన్ని చూసేది) అవసరమా అని డాక్టర్ని అడగండి.

అపోహ: బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 25 లోపుంటే షుగర్ టెస్ట్ అక్కర్లేదు.

వాస్తవం: ఆసియా వాళ్ళకు 23 నుంచే చూడాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే చెప్పింది.

అపోహ: జాతిని బట్టి వేరే లెక్క వాడితే అందరికీ మేలే.

వాస్తవం: అన్నిసార్లూ కాదు. కిడ్నీ పనితీరు లెక్కలో నల్లజాతి వాళ్ళకు విడిగా ఒక గుణకం ఉండేది. దానివల్ల వాళ్ళ కిడ్నీలు ఉన్నదానికన్నా బాగున్నట్టు కనిపించి, మార్పిడి జాబితాలోకి ఎక్కడం ఆలస్యమయ్యేది. 2021లో దాన్ని తీసేయమన్నారు.

అపోహ: రీసెర్చ్‌లో చేరితే మన మీద ప్రయోగాలు చేస్తారు.

వాస్తవం: ప్రతి స్టడీలోనూ కొత్త మందు మింగించరు. శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాల్లో మొదలైన ‘మసాలా’ (MASALA) అనే స్టడీ మన దక్షిణాసియా వాళ్ళ గుండెల కోసమే. అందులో చేసేది రక్తపరీక్షలు, స్కాన్లు, తిండి అలవాట్ల మీద ప్రశ్నలు. ఏ స్టడీ అయినా సంతకం పెట్టాక కూడా వద్దనుకుంటే బయటికి రావచ్చు, మీ మామూలు వైద్యం ఆగదు.