ఆకురాలే కాలంలో పార్కు పక్షులు: అపోహలు - వాస్తవాలు

పక్షుల్ని చూడటం నేర్పుతూ కొత్తవాళ్లతో పార్కుల్లో తిరుగుతుంటాను. ఆకురాలే కాలం మొదలవగానే వాళ్ల నోట దాదాపు ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: నగరం మధ్య పార్కులో కాకులు, పావురాలు తప్ప ఏముంటాయి?

వాస్తవం: పురుగులు తినే చిన్న పిట్టల్లో చాలా జాతులు రాత్రిపూటే వలస ప్రయాణం చేస్తాయి. గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది, డేగల బెడద తక్కువ, పగలంతా మేతకు మిగులుతుంది. తెల్లవారేసరికి కింద ఎటు చూసినా కాంక్రీటే అయితే, కనబడిన ఆ కాస్త పచ్చదనంలోనే దిగుతాయి. అందుకే చుట్టూ భవనాలున్న చిన్న పార్కులో కొన్ని ఉదయాలు ఊహించనన్ని పిట్టలు కనిపిస్తాయి. రాత్రంతా అవి వెళ్లే దిక్కుకే గాలి వీచి, తెల్లవారుజామున వాన పడిందంటే ఆ రోజు తప్పకుండా వెళ్లండి.

వెళ్లాక పార్కంతా చుట్టేయకండి. ఎండ ముందుగా తగిలే చెట్టు చూసుకుని పావుగంట నిలబడండి. వెచ్చదనానికి పురుగులు అక్కడే ముందు కదులుతాయి. కాసేపటికి ఓ వార్బ్లర్ (పురుగులు తినే చిన్న పిట్ట) రెమ్మ చివరికి జరిగి, మెడ సాచి, పై ఆకు అడుగున వెతకడం కనబడుతుంది. చటుక్కున ఎగిరి పురుగును అందుకుని మళ్లీ అదే రెమ్మ మీద వాలుతుంది. ఆ మేతే దాని ప్రయాణానికి ఇంధనం. మామూలుగా 12 గ్రాములుండే బ్లాక్‌పోల్ వార్బ్లర్, అట్లాంటిక్ మీద రెండు మూడు రోజులు ఆగకుండా ఎగరడానికి ముందు కొవ్వు పట్టి దాదాపు రెట్టింపు బరువుకు చేరుతుంది. ఫొటో కోసం ఇలాంటి పిట్టల వెంటపడటం, ఫోన్‌లో కూత వినిపించి రప్పించడం నాకు అస్సలు నచ్చవు. వాటికి మేత టైమ్ పోతుంది, ఉన్న శక్తీ ఖర్చవుతుంది.

అపోహ: చలి ముదిరాకే వలస మొదలవుతుంది.

వాస్తవం: చాలా జాతులకు పగటి నిడివి మారడమే తొలి సంకేతం. ఏ రాత్రి బయలుదేరాలన్నది మాత్రం వాతావరణాన్ని బట్టి ఉంటుంది. ఉల్లంకి లాంటి ఒడ్డు పిట్టలు కొన్ని జులైలోనే ఉత్తర దేశాల్లోని గూళ్లు వదిలేస్తాయి.

అపోహ: రంగు లేకపోతే ఆడపక్షే.

వాస్తవం: ఈ కాలంలో కనబడే మసక రంగు పిట్టల్లో ఆ ఏడాది పుట్టిన పిల్లలు బోలెడు ఉంటాయి. మల్లార్డ్ మగబాతు కూడా ఈకలు రాల్చుకుని, వేసవి చివర్లో అచ్చం ఆడదానిలా గోధుమ రంగులో తిరుగుతుంది. ముక్కు చూడండి: మగదానికి పసుపుపచ్చగా ఉంటుంది, ఆడదానికి నారింజ రంగు మీద నల్ల మచ్చ ఉంటుంది.

అపోహ: గింజలు పెడితే పక్షులు వలస మానేస్తాయి.

వాస్తవం: మానేయవు. ప్రయాణంలో ఉన్నవాటికి ఆ మేత సాయమే. కొలనులో బ్రెడ్ మాత్రం వేయొద్దు. అందులో పోషకాలు తక్కువ, మిగిలింది నీటిని పాడుచేస్తుంది.

అపోహ: బైనాక్యులర్స్‌కు జూమ్ ఎంత ఎక్కువైతే అంత మంచిది.

వాస్తవం: 12 రెట్లు పెద్దది చేసేవాటిలో చెయ్యి వణుకూ అంతే పెద్దగా కనిపిస్తుంది, కనబడే మేరా తగ్గుతుంది. ఆకుల్లో గెంతే పిట్టను చూపుకు దొరకబుచ్చుకోవాలంటే 8×42 (8 రెట్లు పెద్దది చేసే, 42 మిల్లీమీటర్ల ముందు కటకం ఉన్నది) హాయి.