పర్సివల్ చాంగీలో ఉన్నాడు కదా అని మీ తాతయ్యను అక్కడ వెతకకండి

సింగపూర్‌లో తెలుగువాళ్లకు గైడ్‌గా పనిచేస్తున్నాను. మెర్లయన్ దగ్గర ఫోటోలు దిగి వెళ్లిపోయే బ్యాచ్‌లతో ఏ పేచీ లేదు. అప్పుడప్పుడు వేరే రకం ఫోన్ వస్తుంది. "బాబూ, మా తాతయ్య బ్రిటిష్ మిలిటరీలో చేసి అక్కడ జపాన్ వాళ్లకి దొరికిపోయాడట. వాళ్ల జనరల్‌తో పాటు చాంగీ జైల్లో పెట్టారట. ఆ చోటు చూడాలి."

ఆ గొంతులో ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ జనరల్ ఎక్కడుంటే సిపాయీ అక్కడే అనుకోవడం వల్ల ఎంతమంది డబ్బూ ఒక రోజంతా పోగొట్టుకున్నారో చెప్పలేను.

మలయా, సింగపూర్‌లలో బ్రిటిష్ సైన్యానికి అధిపతి అయిన లెఫ్టినెంట్ జనరల్ ఆర్థర్ పర్సివల్ 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ బుకిట్ తిమాలోని ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో జపాన్ జనరల్ యమషిటా ముందు కూర్చుని లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు. రాత్రి ఎనిమిదిన్నరకు కాల్పులు ఆగాయి. తెల్లవాళ్ల సైన్యాన్ని చాంగీ వైపు నడిపించారు. మనవాళ్లను అటు పంపలేదు. 17వ తేదీన నలభై వేలకు పైగా భారతీయ సైనికులను ఫారర్ పార్క్ మైదానంలో విడిగా పోగుచేసి జపాన్ మేజర్ ఫుజివారాకు అప్పగించారు. అక్కడే కెప్టెన్ మోహన్ సింగ్ మాట్లాడాడు, ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరమని పిలిచాడు. చేరినవాళ్లు చేరారు. చేరనివాళ్లలో చాలామందిని ఓడలెక్కించి న్యూగినీ దాకా కూలిపనికి పట్టుకెళ్లారు. అంటే మీ తాతయ్య జాడ సింగపూర్‌లోని బిదాదరి క్యాంపులోనో నీసూన్ క్యాంపులోనో మొదలై ఇంకెక్కడో సముద్రం అవతల తేలవచ్చు.

అసలు పర్సివలే చాంగీలో ఆరు నెలలు ఉన్నాడంతే. 1942 ఆగస్టులో ఆయన్నీ మిగతా పెద్ద ఆఫీసర్లనూ ఫార్మోసాకు, అంటే ఇప్పటి తైవాన్‌కు తీసుకుపోయారు. అక్కడి కరెంకో క్యాంపులో ఫిలిప్పీన్స్‌లో లొంగిపోయిన అమెరికా జనరల్ వెయిన్‌రైట్ మేకలు కాశాడు. ఆ తర్వాత మంచూరియా చలి. 1945 ఆగస్టులో విడుదలయ్యాక, సెప్టెంబర్ 2న మిసోరి ఓడ మీద జపాన్ లొంగుబాటు పత్రంపై అమెరికా జనరల్ మెకార్థర్ సంతకం పెడుతుంటే వెనక నిలబడ్డ ఇద్దరు బక్కచిక్కిన మనుషులు పర్సివల్, వెయిన్‌రైట్‌లే. మరునాడు ఫిలిప్పీన్స్‌లోని బాగియోలో యమషిటా లొంగిపోతున్నప్పుడూ పర్సివల్ ఎదురుగా ఉన్నాడు. సీన్ తిరగబడిందన్నమాట. ఈ మాట చెప్పినప్పుడు మాత్రం మా బస్సులో అందరూ ఫోన్లు పక్కన పెడతారు.

పోయినేడాది గోదావరి వైపు నుంచి డెబ్బై దాటిన ఒక మాస్టారు వచ్చారు. ఉన్నది ఒక్క రోజు, రాత్రికే ఫ్లైట్. పొద్దున్నే టాక్సీలో చాంగీ మ్యూజియంకి వెళ్లి, కనిపించిన ప్రతి పేరూ చదివి, సాయంత్రం ఆరింటికి నాకు ఫోన్ చేశారు. "ఒక్క తెలుగు పేరూ లేదండీ. మా నాన్న అసలు ఇక్కడికి రాలేదేమో" అన్నారు. నేను పరుగెత్తుకెళ్లి, యుద్ధంలో పోయిన సైనికుల సమాధులూ స్మారకమూ ఉన్న క్రాంజీకి తీసుకెళ్లేసరికి చీకటి పడింది. గేటు బయట చెప్పులు విప్పి, లోపలికి చూస్తూ దండం పెట్టుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్లిపోయారు. ఇప్పటికీ ఆ మనిషి గుర్తొస్తే బాధనిపిస్తుంది.

ఆయనే ఇంకో మాట అడిగారు. "లొంగిపోయినవాళ్ల పేర్లు రాళ్ల మీద ఎందుకు చెక్కుతారులెండి?" చెక్కుతారండీ! క్రాంజీ స్మారకం మీద సమాధి ఎక్కడుందో తెలియని 24 వేల మందికి పైగా పేర్లున్నాయి, వాళ్లలో ఖైదులో చనిపోయినవాళ్లూ ఉన్నారు. లొంగిపొమ్మన్నది పైవాళ్లు, సిపాయి కాదు. ఆ పర్సివల్‌నైనా పిరికిపంద అనే ముందు కాస్త ఆగాలి. ఈయన మొదటి ప్రపంచ యుద్ధంలో మామూలు సిపాయిగా చేరి పతకాలు తెచ్చుకున్నవాడు. 1937లోనే, జపాన్ సైన్యం ఉత్తర దిక్కు నుంచి నేల మీదుగా వస్తే ఎలా అని రాసి ఇచ్చినవాడు. చివరికి రిజర్వాయర్లు పోయాయి, పైపులు పగిలాయి, ఊళ్లో దాదాపు పది లక్షల జనం. ఎదుట ఉన్నది ముప్పై వేల మందేనని, వాళ్ల దగ్గరా మందుగుండు అయిపోవస్తోందని ఆయనకు తెలియదు. తప్పులు చేశాడు, ఉత్తర తీరంలో రక్షణ కట్టడాలు ఆలస్యం చేయడం పెద్ద తప్పు. అది వేరే సంగతి.

మిగతా పుకార్ల సంగతి గబగబా చెప్పేస్తాను. సింగపూర్ ఫిరంగులు సముద్రం వైపే తిరిగి ఉన్నాయన్నది పాత పుకారు. చాలావరకు నేల వైపు తిరిగాయి, పేల్చారు కూడా. కాకపోతే గుండ్లు ఎక్కువగా ఓడల్ని పగలగొట్టే రకం. పర్సివల్‌ను ఉరి తీయలేదు, 1946లో ఉరి తీసింది యమషిటాను. పడవలో తప్పించుకుపోయింది ఆస్ట్రేలియా జనరల్ బెనెట్. ఇంటికెళ్లి పర్సివల్ రాజభోగం అనుభవించాడంటారు, అదీ నిజం కాదు. సర్ బిరుదు ఇవ్వలేదు, పింఛను కూడా ఒక మెట్టు కింద ర్యాంకుదే ఇచ్చారు. 1966లో పోయేదాకా మాజీ ఖైదీల సంఘం పనులు చూసుకున్నాడు.

ఇంకొకటి. యుద్ధంలో జపాన్ వాళ్లు వేయించిన సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రైలు పట్టాల పనికి మలయా (ఇప్పటి మలేసియా) రబ్బరు తోటల నుంచి తీసుకెళ్లిన తెలుగు, తమిళ కూలీల పేర్లు క్రాంజీలో ఉండవు. వాళ్లు సైనికులు కారు. ఆ కుటుంబాల వాళ్లు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

సైనికుల కుటుంబాలైతే టికెట్ బుక్ చేసుకునే ముందు ఇంట్లో పాత ట్రంకు పెట్టె తీయండి. డిశ్చార్జి కాగితం, పింఛను పుస్తకం, మెడల్ అంచు, ఎక్కడో ఒకచోట నంబరు, రెజిమెంట్ పేరు ఉంటాయి. చనిపోయినవాళ్లయితే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ సైట్‌లో వెతకొచ్చు. చాలా పేర్ల పక్కన తండ్రి పేరూ ఊరూ రాసి ఉంటాయి, స్పెల్లింగ్ మాత్రం నాలుగు రకాలుగా కొట్టి చూడాలి. బతికి వచ్చినవాళ్లయితే ఆ రెజిమెంట్ రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాయాలి. నంబరు దొరికితే ఫోటో తీసి పంపండి. చాంగీకి సాయంత్రం వెళ్దాం, పొద్దున్నే క్రాంజీ.