కామెడీ సూపర్ హీరో సీక్వెల్: హాల్ దగ్గర వినిపించే అపోహలు, అసలు సంగతులు

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు హాళ్లలో కామెడీ సూపర్ హీరో సినిమా రెండో భాగం పడుతుందంటే పోస్టర్ అంటించిన రోజు నుంచే తలో మాట మొదలవుతుంది. అందులో కొన్ని కౌంటర్ దగ్గరి మాటలు, కొన్ని ప్రొజెక్టర్ రూంలోవి.

అపోహ: మొదటి భాగం చూడనోళ్లకు రెండోది ఎక్కదు.

మొదటి భాగంలో చాలా సేపు హీరోకు శక్తులు ఎట్లొచ్చాయో చెప్పడానికే పోతుంది. రెండోదానికి ఆ బరువు లేదు. హీరో పిరికోడా, గొప్పలకు పోతాడా, నోటిదూల ఎక్కువా అన్నది జనానికి ముందే తెలుసు. తొలి సీన్ నుంచే ఆ బలహీనత మీద నవ్వించొచ్చు. కొత్తగా వచ్చినోళ్లకు కూడా అది తొందరగానే దొరికిపోతుంది. అసలు ఆకర్షణ ఇదే: ఇప్పుడు వీడేం తిక్కపని చేస్తాడో అని హాలంతా కలిసి ఎదురుచూడటం. కాకపోతే అన్నిటికీ ఇది చెల్లదు. 2024లో వచ్చిన ‘డెడ్‌పూల్ అండ్ వోల్వరిన్’లో పాత సినిమాలు, సిరీస్‌లు తెలిసినోళ్లకే అందే జోకులు బోలెడు. ఒక వరుస పగలబడి నవ్వుతుంటే పక్క వరుస మొహాలు చూసుకుంటుంది.

అపోహ: మొదటిది ఆడింది కాబట్టి ఇదీ ఆడుతుంది.

‘షజామ్’ 2019లో ప్రపంచమంతా కలిపి 36 కోట్ల డాలర్లకు పైగా తెచ్చింది. 2023లో వచ్చిన రెండో భాగం 13 కోట్ల చిల్లర దగ్గరే ఆగింది. పాత జోకునే గట్టిగా అరిచి చెప్తే ఎవరూ నవ్వరు.

అపోహ: సూపర్ హీరో అంటే పిల్లల సినిమా.

డెడ్‌పూల్ సినిమాలకు మన దగ్గర ‘ఎ’ సర్టిఫికెట్. అమ్మానాన్న పక్కన ఉన్నా సరే, 18 నిండనోళ్లను లోపలికి పంపొద్దు. యుఎ 7+, 13+, 16+ అనేవి మాత్రం తల్లిదండ్రులకు ఇచ్చే సూచనలు. ఈ తేడా టికెట్ కొయ్యకముందే చెప్పాలి, గేటు దగ్గర చెప్తే కొట్లాటే.

అపోహ: డబ్బింగ్‌లో మన యాస పెడితే నవ్వు దానంతటదే వస్తుంది.

హీరోకు పుస్తకాల తెలుగు, పక్కన తిరిగేటోడికి తెలంగాణ యాస ఇస్తే ఇక్కడి జనం వెంటనే పసిగడతారు, నవ్వరు కూడా. డబ్బింగ్‌లో నవ్వు నిలబడేది టైమింగ్ మీద. ఎదుటోడి మొహం తెర మీదకు వచ్చేలోపు మాట అయిపోవాలి. మొహం దగ్గరగా కనపడేటప్పుడు ప, బ, మ లాంటి అక్షరాలు పెదాలు మూసుకునే చోటే పడాలి. ముసుగేసుకున్న హీరోతో ఆ తిప్పలు లేవు, రాసేటోళ్లకు చెయ్యి ఆడుతుంది.

అపోహ: సౌండ్ ఎంత పెంచితే అంత మజా.

ఫైటింగ్ సినిమాకైతే ఏదోలా నడుస్తుంది, కామెడీకి ఇదే గొడ్డలిపెట్టు. మాటలు దాదాపు అన్నీ తెర వెనక నడిమి స్పీకర్ నుంచే వస్తాయి. సౌండ్ పెంచే, తగ్గించే ఫేడర్ 7 మీదుంటే సినిమా మిక్సింగ్‌లో అనుకున్న మోత వస్తుంది. హాల్‌లోని డాల్బీ సౌండ్ ప్రాసెసర్లలో అక్కడి నుంచి ఒక్క అంకె పెంచితే మూడు డెసిబెల్స్‌కు పైనే పెరుగుతుంది, మాటలతో పాటు బాంబులూ పెరుగుతాయి. అప్పుడు జనం చెవులు మూసుకుంటారు, ఆపరేటర్ తగ్గిస్తాడు, తర్వాతి జోకు ఎవరికీ వినపడదు. మాట ముద్దగా వస్తే ముందు నడిమి స్పీకర్ పై హారన్ (సన్నటి శబ్దాలు పలికే భాగం) పలుకుతోందో లేదో చూడాలి, మాట బయటికొచ్చే తెర చిల్లుల్లో దుమ్ము పేరుకుందేమో చూడాలి. మాటలు ఎక్కువున్న సీన్ వేసి, బాల్కనీ కింద ఆఖరి వరుసలో కూర్చొని వినాలి. అప్పటికీ చాలకుంటే నడిమి స్పీకర్‌కు పోయే ఛానల్ ఒక్కటే ఒకటి, రెండు డెసిబెల్స్ పెంచాలి. ఖాళీ హాల్‌లో గోడలు ప్రతిధ్వనిస్తాయి, నిండిన హాల్‌లో మనుషులే ఆ మోతను తాగేస్తారు. అందుకే మ్యాట్నీకి సరిపోయిన సెట్టింగ్ ఆదివారం ఫస్ట్ షోకు సరిపోకపోవచ్చు.

అపోహ: ఇంటర్వెల్ ఎక్కడ కొట్టినా ఒకటే.

హాలీవుడ్ సినిమాను ఇంటర్వెల్ అనుకొని తీయరు. డిస్ట్రిబ్యూటర్ చెప్పకుంటే ఆపే చోటు మనమే వెతుక్కోవాలి. సినిమా 128 నిమిషాలు ఉందనుకుందాం. గడియారం చూసి 64 దగ్గర ఆపితే జోకు సగంలో తెగుతుంది: అడిగిన ప్రశ్న ఇటు, జవాబు అటు. 55 నుంచి 70 లోపు సీన్ మారే చోటు చూడాలి. ఆపే చోటు కంటే తిరిగి మొదలయ్యే చోటు ముఖ్యం. మొదటి రెండు నిమిషాలు జనం సమోసాలు పట్టుకొని వరుసల్లో దూరుతూనే ఉంటారు, అప్పుడొచ్చే జోకు గాలికి పోయినట్టే. ఫైటో, ప్రయాణమో ఉన్న సీన్‌తో మొదలైతే నష్టం లేదు.

అపోహ: పేర్లు పడితే సినిమా అయిపోయినట్టే.

‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ రెండో భాగంలో పేర్ల నడుమ, చివర కలిపి ఐదు చిన్న సీన్లున్నాయి. పేర్లు మొదలుకాగానే అన్ని లైట్లూ వేస్తే అవి తెర మీద వెలిసిపోతాయి. లైట్లు సగమే వేసి, పూర్తిగా ఆఖరి ఫ్రేమ్‌కు వేయాలి. షోల మధ్య గ్యాప్ కూడా పేర్లతో కలిపిన నిడివి నుంచే లెక్కేయాలి. సెకండ్ షోకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినోళ్లకు ఈ సంగతి ఇంటర్వెల్‌లోనే చెప్తే, బండి స్టార్ట్ చేసినాక మళ్లీ లోపలికి ఉరికిరావాల్సిన పని ఉండదు.