పసిపిల్లల ఎదుగుదల: నెలల పట్టిక చెప్పేదేమిటి?

పాప ఆరు నెలలకు కూర్చుంటుంది, ఏడాదికి నడుస్తుంది అని మనం అనుకునే లెక్కలన్నీ సగటు వయసులు. సగటు అంటేనే ఆ వయసు దాటాక ఆ పని నేర్చుకునే ఆరోగ్యవంతులైన పిల్లలు కూడా చాలామంది ఉంటారన్న మాట. ఈ చిన్న విషయం మరుగున పడటం వల్లనే ఇళ్ళల్లో అనవసరమైన ఆందోళన పుడుతుంది. ఒక్కొక్కసారి, అంతకంటే ప్రమాదకరంగా, అనవసరమైన ధీమా కూడా పుడుతుంది.

ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాలలో 816 మంది ఆరోగ్యవంతులైన శిశువులను గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన అధ్యయనంలో ఈ తేడా ఎంత విశాలమైనదో కనిపిస్తుంది. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, ఎవరి సాయమూ లేకుండా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య జరిగాయి. అంటే ఒక బిడ్డ తొమ్మిదో నెలలోనే అడుగులు వేసి, మరొక బిడ్డ పదిహేడో నెల దాకా వేయకపోయినా ఇద్దరూ మామూలుగా ఎదుగుతున్నవారే కావచ్చు. ఆ పిల్లల్లో సుమారు 4 శాతం మంది అసలు దోగాడనే లేదు. అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో తన పట్టికను సవరించినప్పుడు దోగాడటాన్ని తొలగించింది. ప్రతి వయసు దగ్గరా కనీసం 75 శాతం మంది పిల్లలు చేయగలిగిన పనులనే ఉంచింది. తల్లిదండ్రుల చేతికిచ్చే పట్టికకు సగటు కంటే ఇదే తగిన కొలత.

వయసు మారినా వరుస మాత్రం చాలావరకు ఒకటే. శరీరంపై అదుపు తల నుంచి కిందికి, నడుమ నుంచి అంచులకు వ్యాపిస్తుంది. మెడ నిలిచాక నడుము, నడుము నిలిచాక కాళ్ళు. మొదట అరచేతితో గుప్పిట పట్టే బిడ్డ తొమ్మిది, పది నెలలకు బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న గింజనైనా ఏరగలుగుతుంది. నాడీతంతువుల చుట్టూ మయెలిన్ అనే కొవ్వు పొర ఏర్పడి సంకేతాలు వేగంగా సాగడం దీనికొక కారణం.

అయితే అంతా మెదడులోనే ముందుగా రాసిపెట్టి ఉందన్న పాత అభిప్రాయం నిలవలేదు. అప్పుడే పుట్టిన బిడ్డను నిలువుగా పట్టుకుని పాదాలను నేలకు ఆనిస్తే అడుగులు వేస్తున్నట్టు కాళ్ళు కదిలిస్తుంది. రెండు, మూడు నెలలు వచ్చేసరికి ఆ కదలిక కనిపించదు. మెదడు పరిణతి చెంది ఆ ప్రతిచర్యను అణచివేస్తుందని చాలాకాలం భావించారు. అమెరికన్ శాస్త్రవేత్త ఎస్తర్ థెలెన్, ఆమె సహచరులు 1984లో మరొక వివరణ ఇచ్చారు. శిశువులను ఛాతీ దాకా గోరువెచ్చని నీటిలో ఉంచగానే వారి కాళ్ళు మళ్ళీ చురుకుగా అడుగులు వేశాయి. అడుగులు వేస్తున్న పసివారి కాళ్ళకు చిన్న బరువులు కడితే ఆ అడుగులు తగ్గిపోయాయి. మాయమైంది నైపుణ్యం కాదు. ఆ నెలల్లో కాళ్ళకు కొవ్వు చేరినంత వేగంగా కండబలం పెరగకపోవడమే కారణం. శరీర బరువు, బలం, సాధన, చుట్టూ ఉన్న నేల అన్నీ కలిస్తేనే కదలిక వస్తుందన్న అవగాహనకు ఈ ప్రయోగం బలమిచ్చింది. మెలకువగా ఉన్నప్పుడు, పెద్దల కళ్ళెదుట, బిడ్డను కాసేపు బోర్లా పడుకోబెట్టమని వైద్యులు చెప్పేది కూడా మెడకు, భుజాలకు ఆ సాధన దొరకాలనే.

మాట విషయంలో ఎదుగుదల కంటికి కనిపించదు. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు 1984లో ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్ళలోని శిశువులకు హిందీలోని 'ట', 'త' ధ్వనులను వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసువారిలో ఎక్కువమంది ఆ తేడాను గుర్తించారు. పది నుంచి పన్నెండు నెలలవారిలో చాలా కొద్దిమందే గుర్తించగలిగారు. హిందీ వింటూ పెరిగే అదే వయసు పిల్లలకు ఆ శక్తి నిలిచే ఉంది. ఒక్క మాటైనా పలకకముందే బిడ్డ చెవి తన భాషకు తగ్గట్టు మలచుకుంటోందన్న మాట.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు వయసును పుట్టిన రోజు నుంచి కాక, పుట్టవలసిన రోజు నుంచి లెక్కించాలి. రెండు నెలలు ముందుగా పుట్టి ఇప్పుడు తొమ్మిది నెలలున్న బిడ్డను ఏడు నెలల బిడ్డగానే చూడాలి. సాధారణంగా రెండేళ్ళ వరకు ఈ సవరణ పాటిస్తారు.

ఇంత వెసులుబాటు ఉన్నా, కొన్ని సూచనలకు ఎదురుచూపు పనికిరాదు. వచ్చిన పని పోవడం, అంటే పలికిన మాటలు ఆగిపోవడం, ఇంతకుముందు కూర్చున్న బిడ్డ కూర్చోలేకపోవడం ఏ వయసులోనైనా వెంటనే వైద్యుడికి చూపించవలసినవి. ఏడాది నిండకముందే ఒకే చేతిని వాడుతూ రెండో చేతిని పట్టించుకోకపోవడం, పద్దెనిమిది నెలలు నిండినా నడవకపోవడం కూడా అటువంటివే. మాట ఆలస్యమైతే మొదట వినికిడి పరీక్ష చేయించాలి. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో లోపం లేదని తేలినా మళ్ళీ చేయించవలసిందే. ఎందుకంటే మెదడు పొరల వాపు వంటి వ్యాధుల వల్ల, మధ్యచెవిలో ద్రవం చేరడం వల్ల వినికిడి తరువాత కూడా తగ్గవచ్చు.